విహారికి న్యాయం జరిగిందనడం అబద్ధం

చిత్తూరు నుంచి బెంగళూరు పోయే దారిలో బంగారుపాళ్యం దగ్గర టీ కొట్లో కూర్చుని క్రికెట్ మాట కదిపితే, హనుమ విహారి సంగతి మీద ఇప్పటికీ ఒకే తీర్పు వినబడుతుంది. వైసీపీ కార్పొరేటర్ కొడుకును కసిరినందుకు విహారి ఆంధ్ర రంజీ కెప్టెన్సీ పీకేశారు, ప్రభుత్వం మారగానే లోకేశ్ పిలిచి న్యాయం చేశాడు, అంతటితో కథ కంచికి పోయింది. టీవీ చర్చల్లో చెప్పిందీ ఇదే, పత్రికల్లో వచ్చిందీ దాదాపు ఇదే. ఎదుటి పార్టీ వాళ్లు మాత్రం ఆటగాళ్ల మధ్య చిన్న గొడవను తెలుగుదేశం ఎన్నికల కోసం పెద్దది చేసిందంటారు. ఈ రెండో వాదన నమ్మేవాళ్లు తక్కువ, దాన్ని పక్కన పెడతాను. మొదటిది మాత్రం జనం మనసుల్లో స్థిరపడిపోయింది. అది తప్పు. తప్పని ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు తీర్పు వల్ల నష్టపోయేది రేపు ఆడబోయే పిల్లలు.

జరిగింది ముందు వరసగా చూద్దాం. 2024 జనవరి మొదట్లో విశాఖలో బెంగాల్‌తో రంజీ మ్యాచ్ జరిగింది. ఆంధ్ర కెప్టెన్ విహారి. బెంగాల్ 409 కొడితే ఆంధ్ర దాన్ని దాటి మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం తెచ్చుకుంది. అంతకు ముందు ఏడాది ఫైనల్ ఆడిన జట్టు మీద అది మంచి ఫలితమే. అయినా తర్వాతి మ్యాచ్‌కు కెప్టెన్ మారిపోయాడు, రికీ భుయ్ వచ్చాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఫిబ్రవరి 26న ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్లో 170 పరుగుల లక్ష్యాన్ని వెంటాడి ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి తర్వాత విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో మనసు విప్పాడు. బెంగాల్ మ్యాచ్‌లో జట్టులోని పదిహేడో ఆటగాడి మీద అరిచానని, ఆ కుర్రాడు రాజకీయ నాయకుడైన తండ్రికి చెప్పుకున్నాడని, ఆ తండ్రి చర్య తీసుకోమని క్రికెట్ సంఘాన్ని అడిగాడని, తన తప్పేమీ లేకుండానే కెప్టెన్సీకి రాజీనామా చేయమన్నారని రాశాడు. ఆత్మగౌరవం పోయిన చోట, అంటే ఆంధ్రకు, ఇక ఎప్పటికీ ఆడనన్నాడు.

ఆ కుర్రాడిది తిరుపతి. విహారి అతని పేరు రాయలేదు, నేనూ రాయను. కానీ కొద్ది గంటల్లోనే అతను తనే బయటికొచ్చి, మీరు వెతుకుతున్నది నన్నే అన్నాడు. విన్నదంతా అబద్ధమని, వ్యక్తిగత దూషణ, బూతు మాటలు ఎక్కడా ఒప్పుకోదగ్గవి కావని, ఆ రోజు ఏం జరిగిందో జట్టులో అందరికీ తెలుసని రాశాడు. విహారి తనకు మద్దతుగా సహ ఆటగాళ్లు సంతకాలు పెట్టిన లేఖను బయటపెట్టాడు. ఆ సంతకాలు బెదిరించి పెట్టించుకున్నవని కొందరు ఆటగాళ్లు తమకు ఫిర్యాదు చేశారని ఆంధ్ర క్రికెట్ సంఘం ప్రకటించింది. రెండు నెలల ముందు ఒకే బస్సులో పోయి, ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో బట్టలు మార్చుకున్న వాళ్లు ఇప్పుడు ఒకరి మీద ఒకరు కాగితాలు విసురుకున్నారు.

విహారి పట్ల జనానికి పుట్టిన జాలిని నేను తప్పు పట్టను. కాకినాడలో పుట్టిన ఈ ఆటగాడు 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులు నిలబడి 23 పరుగులతో అజేయంగా మ్యాచ్ కాపాడాడు, అవతలి వైపు అశ్విన్ తోడుగా. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో ఇదే ఇండోర్‌లో ఆవేశ్ ఖాన్ బంతికి మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం బ్యాటర్ విరిగిన చేతిని వెనక్కి దాచుకుని, ఎడమచేతి వాటంగా తిరిగి నిలబడి, ఒక చేత్తో బ్యాట్ ఊపాడు. ఆ దృశ్యం చూసినవాడెవడూ అతని అంకితభావాన్ని శంకించలేడు. రాష్ట్రం కోసం ఒంటిని అంతగా పణంగా పెట్టిన మనిషికి ఏడాది తిరక్కుండా అలాంటి మర్యాద జరిగితే కడుపు మండుతుంది. మండాలి కూడా.

అయితే జాలి వేరు, తీర్పు వేరు. విరిగిన చేత్తో ఆడినవాడు సహ ఆటగాడిని ఏమన్నా చెల్లుతుందా? ఈ ప్రశ్న అడిగితే మనవాళ్లు చిరాకు పడతారు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఇలాంటివి మామూలే అంటారు. మామూలే కావచ్చు. పదిహేడో ఆటగాడంటే ఎవరు? సీజన్ అంతా జట్టుతో తిరిగి, నీళ్లు మోసి, నెట్స్‌లో బంతులు వేసి, ఆడే పదకొండు మందిలోకి రావడానికి ఎదురుచూసే కుర్రాడు. పదహారు టెస్టులాడిన కెప్టెన్‌కు, అతనికి మధ్య ఎంత ఎత్తు పల్లాలుంటాయో ఏ జట్టులో ఆడిన వాడికైనా తెలుసు. అతను చెప్పినట్టు నిజంగానే హద్దు దాటిన మాటలు పడితే, ఫిర్యాదు చేసే హక్కు అతనికుంది. తండ్రి కార్పొరేటర్ కావడం వల్ల ఆ హక్కు పెరగదు, పోదు కూడా. మనం మాత్రం తండ్రి పార్టీ చూసి కొడుకు మాట అబద్ధమని తేల్చేశాం. వేలమంది అతని ఖాతా కింద చేరి తిట్టారు. ఆ తిట్లు రాసిన వాళ్లలో ఆ రోజు విశాఖ డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాడు ఒక్కడూ లేడు.

అలాగని సంఘాన్ని సమర్థించడానికి ఇది రాయడం లేదు. సంఘం తప్పు అన్నిటికంటే పెద్దది. కెప్టెన్‌ను మార్చడానికి సంఘం చెప్పిన కారణం ఏమిటి? విహారి భారత జట్టుకు ఎంపికయ్యే అవకాశం ఉంది కాబట్టి సీజన్ మొత్తానికి అందుబాటులో ఉండే కెప్టెన్ కావాలని సెలక్షన్ కమిటీ అడిగిందట. విహారి చివరి టెస్టు ఆడింది 2022 జూలైలో ఎడ్జ్‌బాస్టన్‌లో. ఆ తర్వాత ఏడాదిన్నర అతనికి పిలుపే రాలేదు. అదే ప్రకటనలో బెంగాల్ మ్యాచ్‌లో అతను ఒక ఆటగాణ్ణి అందరి ముందు దుర్భాషలాడాడని, దాని మీద ఫిర్యాదు అందిందని కూడా చెప్పారు. ఈ రెండింట్లో ఏది కారణం? దూషణే కారణమైతే విచారణ జరిపి, ఇద్దరినీ పిలిచి, జట్టు మేనేజర్ నివేదిక తెప్పించుకుని, తప్పు తేలితే శిక్ష వేసి, ఆ సంగతి కెప్టెన్‌కు మొహం మీద చెప్పాలి. అది కారణం కాకపోతే ఆ ఫిర్యాదును ఫిబ్రవరి దాకా దాచి, విహారి నోరు విప్పిన తర్వాతే బయటికి తీయడంలో అర్థం ఏమిటి? విచారణ చేస్తామన్న మాట గొడవ ముదిరాక వచ్చింది. విహారికి సంఘం ఇచ్చిన నోటీసు కూడా అతను బహిరంగంగా మాట్లాడాకే వచ్చింది. అంటే సంఘానికి నొప్పి పుట్టించింది డ్రెస్సింగ్ రూమ్‌లో పడిన మాట కన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో పడిన మాట.

ఈ మొత్తం గొడవలో ఒక్క పేరు ఎవరి నోటా రాలేదు. అంబుడ్స్‌మన్. క్రికెట్ పాలన మీద లోధా కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2016 జూలైలో ఆమోదించింది, 2018 ఆగస్టులో కొత్త నియమావళికి ముద్ర వేసింది. ఆ ప్రకారం ప్రతి రాష్ట్ర క్రికెట్ సంఘానికి ఒక అంబుడ్స్‌మన్ ఉండాలి. ఆటగాళ్ల మీద, పదాధికారుల మీద వచ్చే ఫిర్యాదులు విని తీర్పు చెప్పడమే ఆయన పని. కెప్టెన్ దుర్భాషలాడాడా, తండ్రి సంఘం మీద ఒత్తిడి తెచ్చాడా, సంఘం ఆ ఒత్తిడికి లొంగిందా, సంతకాలు బెదిరించి పెట్టించారా: ఈ నాలుగు ప్రశ్నలూ ఆ గుమ్మం ముందు పెట్టాల్సినవి. ఇవి ట్విటర్లో తేలేవి కావు.

తేల్చింది మాత్రం ట్విటరే. అది ఎన్నికల ఏడాది. మార్చిలో షెడ్యూలు, మే 13న పోలింగ్. విహారి పోస్టు పెట్టిన కొద్ది రోజుల్లోనే చంద్రబాబు, లోకేశ్, పవన్ కల్యాణ్, షర్మిల వరసగా అతని వైపు మాట్లాడారు. క్రికెట్ సంఘాన్ని అధికార పార్టీ మింగేసిందన్నారు. అప్పటి సంఘం అధ్యక్ష, కార్యదర్శుల పేర్లు చూసి ఆ మాట కాదనగలిగినవాడు తక్కువ. నేనూ కాదనను. కానీ ఆ నలుగురిలో ఒక్కరైనా అంబుడ్స్‌మన్ చేత విచారణ చేయించండి అని అడిగి ఉంటే, ఆ అడగడం ఆటకు మేలు చేసేది. వాళ్లలో కొందరు చెప్పింది వేరు: మేము రాగానే పిలిపిస్తాం. అడగని జనానికీ అదే నచ్చింది.

మా ఊళ్లో నిరుడు ఇదే తంతు ఇంకో రూపంలో చూశాం. తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడిపోయాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి అన్నారు. 2025 జూలై 9న జగన్ బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చారు. ఆ రోజు నుంచి చర్చంతా రోడ్డు మీద కాయలు ఎవరు పారబోశారు, పోలీసులు ఎవర్ని ఆపారు అనే దాని చుట్టే తిరిగింది. ఆ ఎనిమిది రూపాయలు ఫ్యాక్టరీ వాళ్లు ఇస్తారా, ఎప్పుడిస్తారు అన్న అసలు ప్రశ్న వెనక్కి పోయింది. బాధ పార్టీ చేతికి పోయాక ఆ బాధ పడేవాడు పక్కకు పోతాడు. విహారికీ, ఆ తిరుపతి కుర్రాడికీ జరిగింది ఇదే.

మళ్లీ విహారి కథకు వస్తే, 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలొచ్చాయి. నెల తిరక్కముందే విహారి ఉండవల్లిలో మంత్రి లోకేశ్‌ను కలిశాడు, మళ్లీ ఆంధ్రకే ఆడతానన్నాడు. ఆగస్టులో పాత పాలకవర్గం మూకుమ్మడిగా రాజీనామా చేసింది. సెప్టెంబరులో విజయవాడ తెలుగుదేశం ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడిగా కొత్త పాలకవర్గం పోటీ లేకుండా ఎన్నికైంది. కార్యదర్శి సానా సతీశ్ బాబు అదే డిసెంబరులో తెలుగుదేశం తరఫున రాజ్యసభకు వెళ్లారు. దీన్నే మనం న్యాయం అంటున్నాం. ఇందులో న్యాయం ఎక్కడుంది? ఫిర్యాదు మీద తీర్పు రాలేదు. సంఘం చేసింది తప్పని ఎవరూ రాసివ్వలేదు. ఆ కుర్రాడు చెప్పింది నిజమో అబద్ధమో తేలలేదు. కుర్చీల్లో మనుషులు మారారు, కుర్చీలకు వేసిన రంగు మారింది, అంతే. నిన్న ఒక పార్టీ మనిషి చెప్తే కెప్టెన్ పోయాడన్నది ఆరోపణ. నేడు ఇంకో పార్టీ మంత్రి పిలిస్తే ఆటగాడు తిరిగొచ్చాడన్నది అందరం చూసిన నిజం. మొదటిది జోక్యమైతే రెండోది న్యాయం ఎలా అవుతుంది?

చట్టం మాట కూడా చెప్పాలి. మంత్రులు, ప్రభుత్వ ఉద్యోగులు క్రికెట్ సంఘాల పదవుల్లో ఉండరాదని నియమం. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ఆ అడ్డు లేదు. కాబట్టి శివనాథ్ అధ్యక్షుడవడం చట్టవిరుద్ధం కాదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఆటకు మంచిదని చెప్పలేం. పార్టీ మనిషి అధ్యక్షుడైన చోట రేపు ఎదుటి పార్టీ నాయకుడి కొడుకును జట్టులోంచి తీసేస్తే, అతని బ్యాటింగ్ బాగా లేకనే తీశారని నమ్మేదెవరు? ఉంచితే మాత్రం నమ్ముతారా? ఈ అనుమానం ఇద్దరికీ శిక్షే.

ఈ న్యాయం ఎంతకాలం నిలిచిందో కూడా చూడాలి. విహారి 2024-25 సీజన్లో ఆంధ్రకు ఆడాడు. 2025 ఆగస్టులో సంఘం దగ్గర అనుమతి తీసుకుని త్రిపురకు వెళ్లిపోయాడు. ఈసారి గొడవేమీ లేదు, ట్వీట్లూ లేవు. ఏడాదిన్నర కింద అతని వైపు మాట్లాడిన నాయకుల్లో ఒక్కరూ ఎందుకు పోతున్నావని బహిరంగంగా అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. ఎన్నికలు అయిపోయాయి, అతనితో పని తీరింది. ఇది కోపంతో అంటున్న మాటే, వెనక్కి తీసుకోను.

రాజకీయ నాయకులు లేకపోతే ఆటకు డబ్బులెక్కడివి అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు మా వైపు సంక్రాంతి టోర్నమెంటును చూపిస్తాను. మామిడి తోపుల మధ్య బీడు నేలను జేసీబీతో చదును చేయిస్తారు. స్టేజీ మీద నాయకుడి నిలువెత్తు ఫ్లెక్సీ. పదహారు జట్లు, టీషర్టుల వీపు మీద ఆటగాడి పేరు చిన్నది, దాత పేరు పెద్దది. టాస్‌కు నాయకుడు రావాలి కాబట్టి తొమ్మిదింటి ఆట పదకొండున్నరకు మొదలవుతుంది, ఎండ నడినెత్తికొచ్చాక. అధికారం మారిన ఏడాది టోర్నమెంటు పేరు మారుతుంది, దాత మారతాడు, నిర్వాహకులు మారతారు. నిరుటి దాకా కలిసి ఓపెనింగ్ చేసిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు కొత్త దాత జట్టులోకి పోతాడు, ఇంకొకడి తండ్రి పోనివ్వడు. మరుసటి మ్యాచ్‌లో ఎల్‌బీ అప్పీలు మీద మొదలైన మాట ఇళ్ల దాకా పోతుంది. డబ్బు వచ్చింది నిజమే. ఆ డబ్బుతో ఒక నెట్ కట్టలేదు, ఒక మ్యాట్ కొనలేదు. పిల్లవాడు నిజంగా ఆడదలిస్తే చిత్తూరు పోవాలి, జిల్లా జట్టులోకి రావాలి, అక్కడి నుంచి అంతర్ జిల్లా మ్యాచ్‌ల కోసం కడపకో అనంతపురానికో పోవాలి. అనంతపురంలో ఆర్‌డీటీ వాళ్ల మైదానం ఉంది చూడండి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆడింది అక్కడే. దాన్ని కట్టింది ఏ పార్టీ కాదు, ఊరి పేదల కోసం పని చేసే ఒక స్వచ్ఛంద సంస్థ.

నాయకుల బదులు పాత ఆటగాళ్ల చేతికిస్తే అన్నీ బాగుపడతాయని ఇంకో వాదన. హైదరాబాద్ వైపు చూస్తే ఆ భ్రమ పోతుంది. అజహరుద్దీన్ 2019 సెప్టెంబరులో హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు, అప్పటికే కాంగ్రెస్ నాయకుడు. అదే ఏడాది నవంబరులో అంబటి రాయుడు సంఘంలో అవినీతి ఉందని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్‌కు ట్విటర్లో మొరపెట్టుకున్నాడు. అధ్యక్షుడు ఆ ఫిర్యాదును విచారిస్తానని చెప్పాలి. ఆయన మాత్రం రాయుడు నిరాశలో ఉన్న ఆటగాడని కొట్టిపారేశాడు. 2021 జూన్‌లో అపెక్స్ కౌన్సిల్ అజహర్‌నే సస్పెండ్ చేసింది, ఆ గొడవ అంబుడ్స్‌మన్ దగ్గరికీ, చివరకు సుప్రీంకోర్టుకూ చేరి 2023లో ఒక మాజీ న్యాయమూర్తి చేతికి సంఘం పోయింది. ఆట గొప్పగా ఆడినంత మాత్రాన పాలన రాదు. రాయుడు కూడా 2023 డిసెంబరు 28న వైసీపీలో చేరి, పది రోజులు నిండకముందే బయటికొచ్చాడు. ఫిర్యాదుకు మంత్రి తలుపు తట్టడం, న్యాయానికి పార్టీ కండువా వెతకడం మన ఆటగాళ్లకు అలవాటైపోయింది.

ఆ అలవాటు ఎంత దూరం తీసుకుపోతుందో బంగ్లాదేశ్ చూపించింది. షకీబ్ అల్ హసన్, తమీమ్ ఇక్బాల్ ఏళ్ల తరబడి ఒకే జట్టుకు ప్రాణం. వాళ్ల మధ్య మాటల్లేవన్న సంగతిని 2023లో బయటపెట్టింది ఆ దేశపు బోర్డు అధ్యక్షుడు, ఆయనే అధికార పార్టీ ఎంపీ. 2024 జనవరిలో షకీబ్ అదే పార్టీ ఎంపీ అయ్యాడు. ఆగస్టులో ప్రభుత్వం కూలింది. మరో మాజీ కెప్టెన్, అదే పార్టీ ఎంపీ అయిన మష్రఫే మోర్తజా ఇంటికి నిప్పు పెట్టారు. అక్టోబరులో మీర్పూర్‌లో చివరి టెస్టు ఆడి ఆటకు సెలవు చెప్పాలని బయల్దేరిన షకీబ్ దుబాయ్ దాటి రాలేకపోయాడు. ఎంత పెద్ద ఆటగాడైనా పార్టీ నీడ చేరితే, ఆ పార్టీ పడిన రోజున అతని పరుగులు అతన్ని కాపాడవు.

మరి ఆటగాడు ఎక్కడికి పోవాలి? నాయకుడి దగ్గరికి పోయినందుకు విహారిని నేను నిందించను. అతనికి ఇంకో గుమ్మం కనబడలేదు. ఇంగ్లండులో ఆటగాళ్ల సంఘం 1967 నుంచి ఉంది. ఆస్ట్రేలియాలో ఆటగాళ్ల సంఘం 2017లో జీతాల మీద బోర్డును ఎదిరించి నెగ్గింది. మన దేశంలో 2019లో వచ్చిన భారత క్రికెటర్ల సంఘంలో రిటైరైన వాళ్లకే చోటు. ఇప్పుడు ఆడుతున్న రంజీ ఆటగాడి తరఫున సంఘంతో మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. కెప్టెన్సీ పోయిన విహారి వెంట నిలబడేవాడు లేడు, తిట్లు పడిన పదిహేడో ఆటగాడి వెంట నిలబడేవాడూ లేడు. ఒకరు ఇన్‌స్టాగ్రామ్‌కు పోయారు, ఇంకొకరు తండ్రి దగ్గరికి పోయారని ఆరోపణ. ఆ సీజన్లో కెప్టెన్సీ నెత్తిన పడ్డ రికీ భుయ్ మాత్రం ఈ రొదలోనే ఆడి 902 పరుగులు చేశాడు, దేశంలో ఆ ఏడాది రంజీలో అవే అత్యధికం. అతని పేరు మన చర్చల్లో ఎన్నిసార్లు వచ్చింది?

ఆంధ్ర క్రికెట్ సంఘం ఇప్పటి పెద్దలకు ఒక విన్నపం. సంఘంలో మీ మాటకు ఎదురు లేదు, కాబట్టి ఇది మీరు చేయగలరు. 2024 జనవరి నాటి ఫిర్యాదును, సంతకాల లేఖను, కెప్టెన్‌ను మార్చిన కాగితాలను అంబుడ్స్‌మన్ ముందు పెట్టండి. విహారి త్రిపురలో ఉన్నా పిలిపించండి. తిరుపతి కుర్రాణ్ణి కూడా పిలిపించండి, అతని తండ్రి పార్టీ చూడకుండా. వచ్చిన తీర్పును మీ పాలకవర్గానికి ఇష్టమున్నా లేకున్నా అచ్చు వేసి అందరికీ తెలియజేయండి. ఇప్పుడు జట్టులో ఆడుతున్న వాళ్ల నుంచి ఒకరిని వాళ్లే ఎన్నుకుని సంఘంలో తమ తరఫున మాట్లాడించుకునే ఏర్పాటు చేయండి. అది చేసిన రోజున న్యాయం జరిగిందని మొదట రాసేది నేనే.